మనీష చెయ్యి

పొద్దున ఆరున్నర అయిందంటే కోమల ఇంట్లో మూడు పనులు ఒకేసారి జరగాలి. పొయ్యి మీద అన్నం ఉడకాలి, మనీషకు రెండు జడలు పడాలి, సంగీత సాధన పూర్తి కావాలి. ఏడుంబావుకు బడి బస్సు వచ్చి వీధి మొగదల హారన్ కొడుతుంది. సాయంత్రం ట్యూషన్, ఆ తర్వాత హోంవర్కు, అది కాకముందే పిల్ల పుస్తకం మీద తూగుతుంది. మరి సాధన ఎప్పుడు చేయాలి? జడ వేసేటప్పుడే చేయాలి. రోజుకు ఇరవై నాలుగు గంటలే పెట్టినవాడిని ఏమీ అనలేక కోమల ఈ ఏర్పాటు చేసుకుంది.

పిల్ల కింద పీట మీద కూర్చునేది. తల్లి వెనక మంచం మీద. పిల్ల ఒక చేతిలో రిబ్బన్లు, ఇంకో చేతిలో అద్దం. తల్లి చేతిలో దువ్వెన. మనీష "స రి గ మ" అని ఎత్తుకోగానే కోమల దువ్వెనతో ఆమె భుజం మీద తాళం వేసేది. ఒక కాలం, రెండో కాలం, మూడో కాలం. ఎడమ జడకు సరళీ వరుసలు, కుడి జడకు జంట వరుసలు, రిబ్బన్లు కట్టేటప్పుడు గీతం. స్వరం తప్పినచోట దువ్వెన పళ్లు కొంచెం గట్టిగా దిగేవి. మూడేళ్లు ఇలాగే నడిచింది. ఇంత తెలివైన పద్ధతి రామన్నపేట మొత్తంలో ఇంకెవరికీ తట్టలేదని కోమల లోలోపల మురిసిపోయేది కూడా.

కోమలకు సంగీతం ఎవరూ నేర్పలేదు. ఆమె జాకెట్లు కుడుతుంది. బిడ్డను శ్యామలమ్మ టీచర్ దగ్గర దింపి, మళ్లీ ఇంటికి పోయి రావడమెందుకని, అక్కడే వసారాలో కూర్చుని జాకెట్లకు హుక్కులు కుట్టుకునేది. లోపల పిల్లలకు చెప్పేదంతా చెవిన పడేది. అలా చెవిన పడిందే చదువు. ఏ వరుస తర్వాత ఏ వరుసో, ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ ఆగాలో బిడ్డ కంటే ముందు తల్లికి వచ్చేసింది. మూడేళ్ల కింద పంద్రాగస్టు నాడు బడిలో మనీష పాడితే విని, ఆ శ్యామలమ్మే ఇంటికొచ్చి "గీ పిల్ల గొంతును ఖరాబ్ చెయ్యకు కోమలా" అని చెప్పింది. తన ఇంట్లో పుట్టినదాన్ని చూసి ఒక చదువుకున్న మనిషి అంతమాట అనడం కోమల అంతవరకు ఎరగదు. ఆ రోజు పట్టిన పట్టు ఈ రోజుకూ వదల్లేదు.

ఇక సంగీతం సర్టిఫికెట్ పరీక్ష పది రోజులుందనగా శ్యామలమ్మ ఒక్కొక్క పిల్లను విడిగా కూర్చోబెట్టి పాడించి చూసింది. మనీష వంతు రాగానే లోపల ఏదో తేడా వచ్చింది. పాట మొదలవడం, ఆగిపోవడం, మళ్లీ మొదలవడం, మళ్లీ ఆగిపోవడం. వసారాలో కోమల సూది వేలికి గుచ్చుకుంది.

"కోమలా, జర లోపలికి రా," అని పిలిచింది టీచర్.

కోమల వెళ్లేసరికి బిడ్డ చాప మీద తల వంచుకుని ఉంది.

"నీ బిడ్డ తాళం ఎయ్యకుంట పాడితే గంట సేపు పాడతది. తాళం ఏసుకుంట పాడవే అంటే నోరు ఆగిపోతాంది. నోరు దెరిస్తే చెయ్యి ఆగిపోతాంది. ఇంట్ల ఎట్ల సాధన జేస్తున్నవే అంటే, అమ్మ ఏస్తది టీచర్ అంటాంది. ఏడ ఏస్తదే అంటే నా భుజం మీద అంటాంది!"

"దాని చేతులు ఖాళీగ ఉండయి గద టీచర్. రిబ్బన్లు, అద్దం..." అంది కోమల.

"అంటే పాట బిడ్డకొచ్చె, తాళం నీకొచ్చె. పరీక్షల ఇద్దర్ని కలిపి కూసోబెడ్తరా?"

కోమలకు చుర్రుమంది. "మూడేండ్ల సంది మీ ముంగట్నే కూసుంటాంది గద టీచర్. మీరన్న చూడొద్దా?"

శ్యామలమ్మ కోపగించుకోలేదు. "పద్దెనిమిది మంది పోరగాండ్లు ఒక్కపారే ఏస్తరు. ఇది పక్కపిల్ల చెయ్యి జూసి తన చెయ్యి ఊపుతాంది. నేను మోసపోయిన, నువ్వు మోసపోయినవ్. ఇగ పది దినాలున్నయ్. అయితే జెయ్యి, కాకుంటే వచ్చే ఏడు రాపియ్యి," అంది.

వచ్చే ఏడు! ఆ వచ్చే ఏడు అన్నదే ఉంటే కోమలకు ఇంత గుబులెందుకు? భర్త సతీశ్ బోరు మోటార్లు బాగుచేస్తాడు. చెడ్డవాడేం కాదు, కానీ అన్న మాట మీద నిలబడతాడు. తొమ్మిదో తరగతికి వచ్చాక పాటలూ గీటలూ బంద్ అని ముందే చెప్పాడు. కోమల ఒంటికాలి మీద లేస్తే, "సరే, గీ పరీక్ష పాసైతే నేర్చుకోనీ. కాకుంటే నువ్వు సప్పుడు జెయ్యొద్దు" అన్నాడు. ఆ షరతుకు కోమల ఎగిరి గంతేసి ఒప్పుకుంది. బిడ్డ గొంతు మీద అంత ధీమా మరి. పరీక్షలో చేతికి కూడా మార్కులుంటాయని ఆ క్షణాన ఆమెకు గుర్తే రాలేదు.

ఆ పది రోజులు ఆ ఇంట్లో మనుషులు ఎలా బతికారో చెప్పడం కష్టం. మర్నాడు పొద్దున జడలు మానేసి బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకుంది కోమల. ఒక దెబ్బ, మూడు వేళ్లు, మళ్లీ దెబ్బ, చెయ్యి తిప్పు, దెబ్బ, తిప్పు. ఎనిమిది లెక్కలు. వట్టిగా వెయ్యమంటే మనీష బ్రహ్మాండంగా వేసింది. నోరు తెరవగానే ఉంగరం వేలి దగ్గర చెయ్యి గాలిలో నిలబడిపోయింది.

"ఎయ్యే!"

"ఏస్తున్న గదమ్మా."

"ఏడ ఏస్తున్నవే? చెయ్యి గట్లనే పెట్టినవ్, బస్సు ఆపినట్టు!"

చెయ్యి పట్టుకుని తానే వేయించబోయింది. అది తడిగుడ్డలా ఆమె చేతిలో వేలాడింది. వదిలేస్తే ఆగిపోతుంది. తొడ మీద కాకుండా పళ్లెం మీద కొట్టమంది, గోడ మీద కొట్టమంది. మూడో రోజుకు కోమలకు తల ప్రాణం తోకకొచ్చింది. నాలుగో రోజు పిల్ల ఉన్నట్టుండి గీతమంతా తాళం తప్పకుండా పాడేసింది. కోమల ఆనందం పట్టలేక లేవబోతే, పిల్ల కళ్లు తన కాలి బొటనవేలి మీద ఉన్నాయని కనిపెట్టింది. ఆ వేలు దానంతటదే నేల మీద ఆడుతోంది.

"నా కాలు జూడకే!"

"మరి నువ్వు ఆపు."

"ఆపిన. ఇగో, ఆపిన."

"తల ఊపుతున్నవ్."

"ఊపుత లేను!"

"ఊపుతున్నవమ్మా. అద్దంల జూస్కో పో."

కోమల లేచి విసురుగా వంటింట్లోకి పోయింది. అక్కడ కూర కలుపుతుంటే బయట పాట చక్కగా సాగింది. హమ్మయ్య అనుకుంది. రెండు నిమిషాల తర్వాత తన చేతిలో గరిటె గిన్నె అంచు మీద ఏం చేస్తోందో ఆమెకే వినిపించింది. ఆ గరిటెను పొయ్యి పక్కకు విసిరేసి, కొంగు నోట్లో కుక్కుకుంది. తన మీద తనకే అంత కోపం ఎప్పుడూ రాలేదు. బిడ్డను తిట్టడం సులువు. తనను ఎవరు తిట్టాలి?

సతీశ్ తిట్టాడు. తిట్టాడనడం కంటే, చేతులకు అంటిన గ్రీజు తుడుచుకుంటూ మెల్లగా అన్నాడు. "మోటారు మంచిగనే ఉన్నది కోమలా. స్టార్టర్ నువ్వు తీసి నీ దగ్గర వెట్టుకున్నవ్."

"నువ్వు ఊకో!" అంది కోమల. "నువ్వు ఒక్కనాడన్న దాని పక్కన కూసున్నవా? అన్ని నేను జెయ్యాలె, ఆఖరికి తప్పు గూడ నాదే!"

ఆ స్టార్టర్ మాట మాత్రం ఆమెను అంటిపెట్టుకుంది.

పరీక్ష నల్లగొండలో. ఆదివారం పొద్దున్నే చలిలో బస్సెక్కారు. చిట్యాల వచ్చేదాకా కోమల ఆపకుండా చెప్పింది. సార్‌కు నమస్తే పెట్టు, గొంతు సవరించుకో, తొందరపడకు, చెయ్యి మర్చిపోకు, చెయ్యి మర్చిపోకు, చెయ్యి మర్చిపోకు. నార్కట్‌పల్లి దగ్గర మనీష, "అమ్మా, నువ్వు చెప్పేటిది యాదికుంటాంది గని పాట మర్చిపోతున్న," అంది. కోమల నోరు మూసుకుంది. మూసుకుని, బ్యాగు పిడిని పిండుతూ కూర్చుంది.

పరీక్ష ఒక బళ్లో పెట్టారు. వసారా నిండా తల్లులే. ఒకామె బిడ్డ నోట్లో కలకండ వేస్తోంది, ఒకామె బిడ్డకు చివరి నిమిషంలో అలంకారాలు పాడి చూపిస్తోంది. నకిరేకల్ నుంచి వచ్చిన గ్రేస్ అనే ఆమె తన కూతురు పొద్దటి నుంచి నాలుగుసార్లు బాత్రూంకి పోయిందని ఎవరూ అడక్కుండానే చెప్పింది. వీళ్లందరినీ చూస్తే కోమలకు కొంచెం ధైర్యం వచ్చింది. పిచ్చిది తాను ఒక్కతే కాదన్నమాట.

మనీష నంబరు పిలిచారు. పిల్ల లోపలికి పోగానే కోమల కిటికీ దగ్గరకు చేరింది. ఊచల్లోంచి గది మొత్తం కనిపిస్తోంది. పరీక్ష తీసుకునే సార్ కళ్లద్దాల పెద్దమనిషి, భుజం మీద శాలువా. శ్రుతిపెట్టె మోగుతోంది. మనీష చాప మీద కూర్చుని నమస్తే పెట్టింది.

"తాళం వేస్తూ మొదలుపెట్టమ్మా," అన్నాడాయన.

మనీష చెయ్యి లేచింది. మొదటి వరుస ఎత్తుకుంది. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు. అక్కడ ఆగింది. కళ్లు తిన్నగా కిటికీ వైపు వచ్చాయి. కోమల చెయ్యి అప్పటికే ఊచ మీద ఆడుతోంది. ఆపాలని ఆమెకు తెలుసు. ఆపితే పిల్ల పాటా ఆగిపోతుందని కూడా తెలుసు. పిల్ల ఆ చెయ్యి చూస్తూ వరుస పూర్తిచేసింది. తన చెయ్యి మాత్రం ఒళ్లో పడి ఉంది. సార్ కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

ఆ తర్వాత మనీష ముందుకు వంగి సార్‌తో ఏదో అంది. శ్రుతిపెట్టె మోతలో ఏమీ వినిపించలేదు. ఆయన కళ్లద్దాల పైనుంచి కిటికీ వైపు చూసి, తలుపు దగ్గరున్న ఆయమ్మకు సైగ చేశాడు. ఆయమ్మ వచ్చి కోమల ముఖం మీదే కిటికీ రెక్కలు మూసేసి గడియ పెట్టింది.

"అయ్యో, ఏందమ్మా గిది!" కోమల రెక్క మీద కొట్టింది. "లోపల నా బిడ్డ ఉన్నది!"

"సప్పుడు జెయ్యకుండ్రి. సార్ ఎయ్యమన్నడు," అన్న ఆయమ్మ మాట లోపలి నుంచి వచ్చింది.

ఇక కోమల ఆగలేదు. వసారాలోకి తిరిగి ఆ సార్‌ను కడిగిపారేసింది. "గీ పెద్దమనిషికి పిల్లలు లేరా? తల్లి మొఖం కనవడితే ఆయన సొమ్మేం పోతది? చిన్నపిల్ల, కొత్త జాగా, ఎట్ల బెదిరి ఉంటదో! శాలువా కప్పుకుంటే సరిపాయెనా?" గ్రేస్ కూడా గొంతు కలిపింది. "గంతే అక్కా, గిసొంటోళ్లకే గీ డ్యూటీలు ఏస్తరు," అంది. ఇంకో ఇద్దరు తలలూపారు. కోమలకు కొంత ఊరట కలిగింది.

కానీ లోపల పాట మళ్లీ మొదలైంది. ఆమె మాట మధ్యలో వదిలేసి రెక్కకు చెవి ఆనించింది. పాట రోజూ నడిచే నడకలో లేదు. మెల్లగా, తడుముకుంటూ పోతోంది. ఆగింది. మళ్లీ మొదటి నుంచి వచ్చింది. ఇంకోచోట ఆగింది, మళ్లీ వచ్చింది. ఆ తర్వాత గీతం మొదలైంది, చివరిదాకా ఆగకుండా పోయింది. గొంతు వినబడుతోంది, చెయ్యి వినబడదు కదా! ఆ చెయ్యి లేచిందా, ఒళ్లో పడి ఉందా, ఏం తెలుస్తుంది? బిడ్డ పుట్టినప్పటి నుంచి అది చేసే ఏ పనైనా తన కళ్లముందే జరిగింది. ఇలా గోడకు ఇవతల నిలబడటం ఆమెకు ఏమాత్రం నచ్చలేదు, భయం కూడా వేసింది.

తలుపు తెరుచుకుని మనీష వచ్చింది. రాగానే నీళ్ల సీసా అందుకుని గటగటా తాగింది.

"చెయ్యి లేసిందా?"

"లేసింది."

"నిజం చెప్పు!"

"లేసిందమ్మా. వరుసలల్ల రెండుసార్లు తప్పిన. మళ్ల మొదటి కెల్లి పాడత సార్ అని అడిగిన. పాడు అన్నడు. గీతం మొత్తం ఏసిన."

"ఆయనేమన్నడు?"

"చెయ్యి ఇంక గట్టివడాలె, గని పాసైతవు పో అన్నడు."

కోమల అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. కళ్లు తుడుచుకుంది. అంతలోనే కోపం గుర్తొచ్చింది. "పాస్ చేస్తె చేసిండు గని, ఆయనకు కిటికీ మూపిచ్చే పాడు బుద్ధి ఎందుకు పుట్టిందట? పోయి అడగకుంట నేను ఇంటికి రాను," అని లేవబోయింది.

మనీష సీసా మూత బిగించింది.

"సార్ కాదమ్మా," అంది. "నేనే మూపియ్యమన్న."

"ఏందీ?"

"మా అమ్మ కనవడ్తే నా చెయ్యి లేస్తలేదు సార్, కిటికీ ఏపియ్యుండ్రి అన్న."

వసారాలో గ్రేస్‌తో సహా అందరూ విన్నారు. కోమలకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చెంప పగలగొట్టాలనిపించింది, గట్టిగా పట్టుకుని ఏడవాలనిపించింది. మూడేళ్లు వసారాలో చలికి, ఎండకు కూర్చున్నది ఎవరు? బిడ్డ తన వైపు బెదురుగా చూస్తోంది, కానీ అన్న మాట వెనక్కి తీసుకునే చూపు కాదది.

ఇంతలో ఫోను మోగింది. సతీశ్.

"ఏమైంది కోమలా? చెయ్యి లేసిందా?"

కోమల నోరు తెరిచింది. అన్నీ తానే చెప్పేదే, ఎప్పుడూ అంతే. ఈసారి మాత్రం బిడ్డ వైపు చూసింది.

"నాకేం తెల్వది," అంది కటువుగా. "నన్ను బయట నిలవెట్టి కిటికీ ఏసుకున్నది నీ బిడ్డ. దాన్నే అడుగు."

ఫోను మనీష చేతిలో పెట్టి, తాను ముక్కు చీదుకుంటూ గేటు వైపు నాలుగడుగులు ముందుకు నడిచింది.