మొగిలయ్య కాలు

"రేణుకా, ఈ ఫొటోల ఉన్నది మీ అన్నే కదనే?"

అశోక్‌నగర్ హాస్టల్‌లో పొద్దున్నే పేపరు ముందుగా అందుకునేది వీణ. గ్రూప్స్‌కు చదువుతున్న ఆ అమ్మాయిలందరూ ఆ పేపరే చదివేవారు. 2012లో తెలంగాణ మాట అంత గట్టిగా రాసే పత్రిక వాళ్లకు మరొకటి కనిపించలేదు.

రేణుక చూసింది. కర్ర పట్టుకుని, సన్నబడ్డ ఎడమ కాలు కనిపించేలా నిలబడ్డాడు మొగిలయ్య. పైన "విషనీళ్లు విరిచిన బతుకులు" అని పెద్ద అక్షరాలు. తమ మండలంలో సగం మంది పిల్లలకు ఎముకల జబ్బు ఉందని ఒక సర్వేలో తేలిందట. పాలకులకు పట్టలేదట. చివరి వాక్యం చదివి వీణ కళ్లు తుడుచుకుంది. రేణుక మాత్రం పేపరు మడిచేసింది.

మొగిలయ్య కాలు నీళ్ల వల్ల పోలేదు. మూడేళ్ల పిల్లవాడిగా ఉన్నప్పుడు పోలియో వచ్చింది. ఊళ్లో అందరికీ తెలుసు. ఫ్లోరైడ్ నీళ్లు తినేసింది తల్లి యశోదమ్మ ఎముకల్ని. ఆమె మెడ తిప్పలేదు, నడుము ఎత్తలేదు. వార్తలో ఆమె ఎక్కడా లేదు.

వెంటనే అన్నకు ఫోన్ చేసింది.

"ఫొటో తీస్తమంటే నిలబడ్డ చెల్లె. ఏం రాస్తరో నాకు చెప్పిండ్రా?" అన్నాడు మొగిలయ్య.

చిక్కడపల్లి కోచింగ్ సెంటర్‌లో సైన్స్ చెప్పే బాలకిషన్ గారికి ఒక అలవాటు ఉండేది. ఒకే విషయం మీద రెండు పత్రికల్లో వచ్చిన వార్తలు పక్కపక్కన పెట్టి చదివించేవారు. ఆ రోజు ఆయన తెచ్చినవి ఫ్లోరైడ్ వార్తలే. ఒకటి మొగిలయ్యది. రెండోది తెలంగాణ ఉద్యమమంటే గిట్టని పత్రికలోది. సమస్య ఎప్పుడో తీరిపోయిందని అధికారులు చెప్పినట్టు రాశారు అందులో.

"సర్వే ఎవరు చేసిండ్రు? ఎంతమందిని చూసిండ్రు? ఏం పరీక్ష చేసిండ్రు? మనకు నచ్చిన పేపరైనా, నచ్చని పేపరైనా ఇవే అడగాలె. అడిగితే ఈ రెంటిల ఏం మిగుల్తదో చెప్పున్రి."

సర్వే చేసినవాళ్ల నివేదిక నకలు కూడా ఆయన సంపాదించారు. వాళ్లు చూసింది ఒక్క బడిలోని పిల్లల్ని. చూసింది పళ్ల మీద ఫ్లోరైడ్ మరకలు. ఎముకల ఊసే లేదు.

రేణుక లేచి నిలబడింది. "సార్, ఆ ఫొటోల ఉన్నది మా అన్న. ఆయనది పోలియో. మా అమ్మది మాత్రం ఫ్లోరైడే."

"ఇంతకూ నువ్వు ఎవరి దిక్కు?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఆమె కూర్చుంది.

మర్నాడు అన్న ఫొటో వేసిన పత్రిక బషీర్‌బాగ్ ఆఫీసుకు వెళ్లింది. వార్త రాసిన రాజశేఖర్ ఆమెను కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, చెప్పిందంతా విన్నాడు.

"మీ అమ్మను గూడ చూసిన అక్కా. ముసలామె వంగి ఉంటే ముసలితనం అనుకుంటరు. పడుచోడైతే గుండెకు తగుల్తది."

"పళ్లను ఎముకలని ఎట్ల రాస్తరన్నా?"

"పళ్ల మరకలంటే ఎవడు చదువుతడు? మీ ఊరికి నీళ్లు రావాల్నా వద్దా? ఇప్పుడు సవరణ వేస్తే అవతలోళ్లు పండుగ చేసుకుంటరు. ఆలోచించు."

అతను అబద్ధాలకోరులా కనిపించలేదు. అదే ఆమెను ఎక్కువ కలవరపెట్టింది. తమ ఊరి మీద అతనికి నిజంగానే బాధ ఉంది.

సవరణ రాలేదు. ఆ వారంలోనే రెండో పత్రికలో పెద్ద వార్త వచ్చింది. "ఫ్లోరైడ్ పేరిట పోలియో కథ" అని శీర్షిక. సొంత చెల్లెలే ఒప్పుకుందని, ఈ గోల ఎంతవరకు నిజమో తేల్చాలని రాశారు. క్లాసులో ఆమె ముందు వరుసలో కూర్చునే అనురాగ్ వాళ్ల మామ ఆ పత్రికలో పని చేస్తాడని తర్వాత తెలిసింది. ఆమె అన్న మాటల్లో మొదటి సగమే అచ్చయింది. తల్లి గురించిన మాట ఈ పత్రికలోనూ లేదు.

హాస్టల్లో ఎవరూ తిట్టలేదు. వీణ తన పళ్లెం తీసుకెళ్లి వేరే బల్ల దగ్గర కూర్చుంది. ఊరి నుంచి మొగిలయ్య ఫోన్ చేశాడు.

"మొదటి వార్త చూసి నీళ్లు పరీక్ష చేసేతందుకు వస్తమన్నోళ్లు రాలే. ఊరోళ్లు అమ్మ మొఖం మీదనే అంటున్నరు, నీ బిడ్డ మన నోట్ల మట్టి కొట్టిందని."

"నేను అబద్ధం చెప్పిన్నా అన్నా?"

"లే. కానీ ఎవల చెవుల పడ్తదో జర చూసుకోవద్దా?"

ఆమె ఏడ్చింది. రెండు రోజులు క్లాసుకు పోలేదు. మూడో రోజు అన్నతో, అమ్మను తీసుకుని రమ్మంది.

నారాయణగూడలో డాక్టర్ విద్యావతి ఎక్స్‌రే తీయించి, వెలుగుకు ఎత్తి చూపించింది. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోయి, సుద్దముక్కల్లా తెల్లగా ఉన్నాయి. "ఇది ఫ్లోరోసిసే. ఏండ్ల సంది ఆ నీళ్లే తాగింది" అంది.

మెడ తిప్పలేని యశోదమ్మ ఒళ్లంతా తిప్పి కూతురి వైపు చూసింది. "నాకు నొస్తున్నదంటే చాలదా బిడ్డా? ఈ బొమ్మ గూడ కావాల్నా?"

రేణుక ఆమె చెయ్యి పట్టుకుంది.

ఆ ఎక్స్‌రే తీసుకుని రెండు ఆఫీసులకూ వెళ్లింది. "మేం ముందే రాసినం కదా" అన్నాడు రాజశేఖర్. రెండో పత్రిక వాళ్లు గుమ్మంలోనే, "ఇందులో కొత్తేముందమ్మా" అన్నారు. అప్పుడు తానే రాయడానికి కూర్చుంది. అన్నది పోలియో, అమ్మది ఫ్లోరోసిస్, బడి పిల్లలవి పళ్ల మరకలు, మిగతా ఊళ్ల సంగతి ఇంకా ఎవరూ చూడలేదు. తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియనట్టు రాసింది. బాలకిషన్ గారు దాన్ని బాగ్ లింగంపల్లి నుంచి వచ్చే ఓ చిన్న సైన్స్ మాసపత్రికకు ఇప్పించారు. వాళ్లు ఒక్క మాట మార్చకుండా వేశారు. దాన్ని చదివినవాళ్లు తక్కువ.

ఎండాకాలం పోయాక నీళ్ల పరీక్షకు మనుషులు వచ్చారు. వ్యాసం చూసి వచ్చారో, మామూలుగానే వచ్చారో ఎవరూ చెప్పలేదు. ఊళ్లో కొందరు మళ్లీ యశోదమ్మతో మాట కలిపారు. వీణ మాత్రం పరీక్షలయ్యాక గది ఖాళీ చేసి వెళ్లేటప్పుడు కూడా రేణుకతో మాట్లాడలేదు.

రేణుక లైబ్రరీలో రోజూ పేపర్లు తిరగేస్తూనే ఉంది. ఉద్యమాన్ని తిట్టే వార్తలో తప్పును ఇట్టే పట్టేసేది. తన మనసుకు హాయిగా తోచిన వార్త దగ్గరే భయం వేసి, మళ్లీ మొదటి నుంచి చదివేది.