అసిరమ్మ కథకు మూడో ముగింపు

ఎవరికి అన్యాయం జరిగింది?

అసిరమ్మకు.

ఏ విధంగా?

చెరువు నీటి తూము, మదుం, విప్పి, కోతకొచ్చిన ఊరి పంటను ముంచిందని నింద వేశారు. విప్పినది ఆమె కాదు. ఊరు విడిచి వెళ్లినది మాత్రం ఆమే.

లక్ష్మీకామేశ్వరి ఇంతవరకు రాసి కలం ఆపింది. కిటికీలోంచి వెనకగా చల్లిన ఆకుమడి తడివాసన వచ్చింది... పచ్చిగా, ఘాటుగా, అప్పుడే కళ్లు తెరిచిన గింజల వాసన.

ఆషాఢం. వాన వెలిసిన ఉదయం. పందొమ్మిది వందల అరవై ఎనిమిది.

దీపావళి సంచికకు కథ కావాలని వారపత్రిక నుంచి ఉత్తరం వచ్చి పది రోజులైంది. కోటబొమ్మాళిలో ముప్పయ్యేళ్లు పిల్లలకు చదువు చెప్పి, విరమించి సొంత ఊరు చేరిన మనిషి ఆమె. పాకకు నిట్రాట ఎటువంటిదో కథకు ముగింపు అటువంటిదని ఆమె నమ్మకం. అది పాతకుండా కప్పు వేయకూడదు.

మొదటి ముగింపు — నేరం చేసిన ఊరి మునసబును పాము కరిచింది.

కొట్టివేసింది. దైవానికి అప్పగించిన న్యాయం, మనుషులు చేతులు దులుపుకున్న న్యాయం. అసలు మునసబు మంచం మీద, పాలు తాగి, సుఖంగానే పోయాడు.

రెండో ముగింపు — అసిరమ్మ మోకరిల్లింది. తప్పు ఒప్పుకుంది. ఊరు క్షమించింది.

కలం కాగితం మీద నిలిచిపోయింది.

ఈ ముగింపు ఆమె ఒకసారి రాసే ఉంది.

పదమూడేళ్ల వయసులో. కాన్వెంటు వసతిగృహం నుంచి క్రిస్మస్ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు. నూర్పుల కళ్లంలో అసిరమ్మ చెల్లెలు కూర్మమ్మ కథలు చెప్పేది. ఎండుగడ్డి మీద పడుకుని విన్న కథ అది. మదుం మునసబే విప్పించాడని, ఆలస్యంగా నాటిన తన చేలకు నీళ్లు మళ్లించుకోబోతే గండి పడిందని, నేరం మా అప్ప మీదకు తోసేశారని — ఆ కథను కూర్మమ్మ ఎవరు విన్నా వినకపోయినా చెప్పేది. చెబుతూ ఉంటే ఏదో ఒకనాటికి అప్ప తిరిగి వస్తుందని చెప్పేది.

పిల్ల ఆ కథను బడికి పట్టుకుపోయింది. పశ్చాత్తాపం ఉన్న కథలకు బహుమతులు వచ్చేవి. పశ్చాత్తాపం చేర్చింది. బహుమతి వచ్చింది. అచ్చులోనూ వచ్చింది.

తండ్రి మురిసిపోయి అరుగు మీద ఊరందరికీ చదివి వినిపించాడు. మునసబు చివరిదాకా కూర్చుని విన్నాడు.

“చూశారా? చదువుకున్న పిల్ల. అబద్ధం రాస్తుందా?”

ఆ రోజు నుంచి అసిరమ్మ తిరిగి రావడానికి దారి లేకపోయింది. ఆ రోజు నుంచి కూర్మమ్మ కథ చెప్పలేదు.

యాభై ఏళ్లు.

ఒక కథను దొంగిలించి, దానిలోని నిర్దోషికి నేరం అంటగట్టి, బహుమతి పుచ్చుకున్న చెయ్యి — ఇదే చెయ్యి.

మూడో ముగింపు ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసింది. అది కాగితం మీద రాసేది కాదు. ముందు నోటితో చెప్పవలసినది, విన్నవాళ్ల ఊరిలోనే. అచ్చు తరువాత.

లేచింది. కళ్లద్దాలు తుడుచుకుంది. గొడుగు తీసుకోలేదు.

పొలంలో ఊడుపులు సాగుతున్నాయి. ఆ ఏడే వచ్చిన పొట్టి వరి నారు. మునుంలో, నాట్ల వరుసలో, పన్నెండుమంది ఆడవాళ్లు వంగి ఉన్నారు. కొసన కూర్మమ్మ.

“ఏటమ్మా, సెప్పులిప్పీసి బురదలోకి దిగిపోతన్నారు! తమరు జారి పడితే ఎత్తడానికి ఎడ్లు కావాలి!”

మునుమంతా నవ్వింది.

“కథ చెప్పడానికి వచ్చాను, కూర్మమ్మా.”

నవ్వు ఆగింది.

“ఈ సేలో కతలు మానీసి శానా కాలమైపోనాదమ్మా.”

“అందుకే వచ్చాను.”

మోకాలి వరకు బురద. చల్లని బురద. ఆమె చెప్పసాగింది.

చేతులు నాటుతూ ఉంటే నోళ్లు ఊఁ కొట్టాలి. అది మునుం మర్యాద. చెరువు నిండిందంది — ఊఁ. పంట పండిందంది — ఊఁ. మదుం విప్పినది అసిరమ్మ కాదంది — ఊఁ... మునసబు విప్పించాడంది —

రెండు గొంతులే పలికాయి.

గట్టు మీద నిలబడిన నరసింగరావు, మునసబు మనవడు, గొంతు సవరించుకున్నాడు. “పంతులమ్మగారూ, పోయినోళ్ల మాట ఇప్పుడెందుకండీ?”

“పోయినవాళ్లు పోయారు, నాయనా. అబద్ధం పోలేదు. అయినా నేను చెప్పవచ్చినది బతికి ఉన్న దోషి సంగతి. విను.”

ఆమె మునుం వైపు తిరిగింది.

“తప్పు చేశానని అసిరమ్మ ఏనాడూ అనలేదు. అన్నదని రాసినది నేను. బహుమతి కోసం రాశాను. ఆ కథ కూర్మమ్మది. దొంగిలించినది నేను.”

ఊఁ లేదు.

చేతులు ఆగాయి. నారు కట్టల మీద నుంచి నీళ్లు కారుతున్న చప్పుడు.

కూర్మమ్మ నడుము ఎత్తింది. మెల్లగా ఎత్తింది, అరవై ఏడేళ్ల నడుము. కళ్లలోకి చూసింది.

“ఇంకోపాలి సెప్పండి. ఆ కొసనున్నోళ్లకి ఇనబళ్లేదు.”

లక్ష్మీకామేశ్వరి మళ్లీ చెప్పింది. తరగతిలో వెనక బల్లకు వినిపించే గొంతుతో చెప్పింది. ఒక్క మాట తగ్గించలేదు. గట్టు మీదివాడు తల దించుకునే దాకా చెప్పింది.

“ఆఁ,” అంది కూర్మమ్మ. “నా కత నాకు ముట్టినాది.”

వానగాలి నీటి మీద ముడతలు వేసి పోయింది.

“మరి తరవాత ఏటయినాదో తమరికి తెల్దు కదా? అది నాకే తెలుసు. వంగండి. ఊరకే నిలబడితే నాను సెప్పను.”

లక్ష్మీకామేశ్వరి వంగింది. ఎవరో చేతికి నారు అందించారు. వంకరగా నాటింది. పక్కనున్న మనిషి నవ్వి సరిచేసింది.

కూర్మమ్మ గొంతు లేచింది... మొదట బొంగురుగా, తుప్పు పట్టిన బావి గిలకలా. ఆపైన నీళ్లు తోడినట్టు.

“అలగ మా అప్ప తెల్లారకముందే లేచి, సంటిబిడ్డని సంకనేసుకోని, రైలు కట్ట పట్టుకోని ఎల్లిపోతన్నాదా...”

“ఊఁ,” అంది లక్ష్మీకామేశ్వరి.