సితారకు పెళ్ళిచూపులు

నరసింహమూర్తిగారికి మొహమాటం పుట్టుకతో వచ్చిన జబ్బు. విద్యుత్ శాఖలో జీవితమంతా పనిచేసి రిటైరయ్యారు గానీ అది మాత్రం తగ్గలేదు. ఆ జబ్బుతోనే ఆదివారం పొద్దున మణికొండ నుంచి భార్య భ్రమరాంబను వెంటబెట్టుకుని చందానగర్ బయలుదేరారు. అక్కడ పాత సహోద్యోగి రామబ్రహ్మం ఇంట్లో జర్మన్ షెపర్డ్ పిల్ల వీళ్ళ కోసం ఎదురుచూస్తోంది.

స్నేహితుడు ఊరికే ఇస్తున్నాడు. అసలు చిక్కంతా అక్కడే. కొనుక్కునేదైతే నిలదీసి అడగొచ్చు. ప్రేమగా ఇస్తున్నవాణ్ణి పట్టుకుని, "దీని తల్లికీ తండ్రికీ తుంటి ఎక్స్‌రే తీయించావా?" అని ఎలా అడుగుతారు?

అలాగని అడక్కుండానూ ఉండలేరు. ఇంతకుముందు పెంచిన బంటీదీ ఇదే జాతి. పట్టుమని నాలుగేళ్ళు నిండకుండానే తుంటి కీళ్ళు పాడై, వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ తిరిగింది. లిఫ్టు పనిచేయనప్పుడల్లా ఆయనే దాన్ని ఎత్తుకుని మెట్లు దిగేవారు. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే జబ్బని డాక్టరు చెప్పేసరికే ఆలస్యమైపోయింది. ఇంకో కుక్క అలా నడవడం చూసే ఓపిక ఇక ఆయనకు లేదు.

"మీరడక్కపోతే నేనడుగుతానండీ," అంది భ్రమరాంబ కారులో.

"నువ్వూరుకో. నేనేదో ఉపాయం చేస్తాగా."

ఉపాయం ఆయన చొక్కా జేబులో బిస్కట్ల పొట్లం రూపంలో ఉంది. రామబ్రహ్మం కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళాడో లేదో, తల్లికుక్క సితారకు ఒక బిస్కట్ చూపించి మేడమెట్ల మీదకు విసిరారు. అది చెంగుచెంగున ఎక్కి, తిని, దిగొచ్చింది. ఇంకోటి విసిరారు. ఈసారి నేలమీదకు వంగి మరీ దాని వెనక కాళ్ళు చూస్తున్నారు.

"ఏమిటోయ్ మూర్తీ, పెళ్ళిచూపులా?"

వెనకే రామబ్రహ్మం, చేతిలో కాఫీ కప్పులతో. మూర్తిగారికి పై ప్రాణాలు పైనే పోయాయి. నడుం పట్టుకుని లేస్తూ "మా బంటీ..." అని ఆగిపోయారు.

రామబ్రహ్మం కప్పులు కింద పెట్టాడు. "నడక చూస్తే తుంటి సంగతి ఏం తెలుస్తుందయ్యా? రెండేళ్ళు నిండాక దీనికి ఎక్స్‌రే తీయించాను. పిల్లల తండ్రి మియాపూర్ వాళ్ళది. దానికీ తీయించి, డాక్టరు సరేనన్నాకే జత కట్టించాను. నువ్వడిగితే చూపిద్దామనుకున్నా. నా అంతట నేను చూపిస్తే గొప్పలు పోతున్నాననుకుంటావని ఊరుకున్నా."

రెండు ఫిల్ములూ తెచ్చి కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. రెండింట్లోనూ తొడ ఎముక గుండు తుంటి గుంటలో కుదురుగా కూర్చుని ఉంది. బంటీ ఫిల్ములో అది పక్కకు జారిపోయి ఉండేది.

"పిల్లకి రాదని పూచీ ఇవ్వలేం," అన్నాడు రామబ్రహ్మం. " తిండీ బరువూ చూసుకోవాలి. కానీ భయం చాలామటుకు తగ్గినట్టే."

మూర్తిగారు సోఫాలో కూలబడ్డారు. సిగ్గుపడకుండా కళ్ళు తుడుచుకుని, పిల్ల కోసం చేతులు చాచారు. రామబ్రహ్మం లోపల్నుంచి దాన్ని ఎత్తుకొచ్చాడు గానీ ఇవ్వలేదు. పిల్లను పట్టుకుని నిలబడి మెడ గోక్కున్నాడు.

"ఏమనుకోకు. నేనూ ఓ మాట అడగాలి, నోరు రావట్లేదు. మీ ఫ్లాట్లో నున్నటి టైల్స్ కదా. జారితే ఎదిగే కీళ్ళకి మంచిది కాదు. ఓసారి ఇల్లు చూశాక ఇద్దామని..."

భ్రమరాంబ పకపకా నవ్వింది. "రండి అన్నయ్యగారూ. మీరూ బిస్కట్లు తెచ్చుకోండి!"

మూర్తిగారు మాత్రం నవ్వలేదు. "బంటీ కోసం ఇల్లంతా తివాచీలు పరిచామోయ్," అన్నారు మెల్లగా. "ఇంకా తీయలేదు."

రామబ్రహ్మం మరేమీ అడగలేదు. పిల్లను తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాడు.