ఆరు ప్యాకెట్ల ఉప్పు

లెక్కల మాస్టారు వరండా మలుపు తిరిగేసరికి గాజు తొట్టెలో చేపలన్నీ పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి.

ఒక చేతిలో సుద్దముక్కల డబ్బా, రెండో చేతిలో టిఫిన్ క్యారియర్. పిల్లలు రాకముందే బడికి వచ్చి, తడిగుడ్డతో బోర్డు తుడిచి, అది ఆరాక ఆ రోజు లెక్క రాసిపెట్టడం ఆయన అలవాటు. ఇవాళ చేతిలోవి రెండూ నేలమీద పెట్టేసి తొట్టె దగ్గరికి నడిచాడు. ఎర్ర చేపలూ, నల్ల మచ్చల చేపలూ ఒక మూలకి చేరి, పంపు వదిలే బుడగలకి అటూ ఇటూ ఊగుతున్నాయి. అడుగున ఒక్కటి మాత్రం, పిల్లలు బొజ్జాయి అని పిలిచే పెద్ద చేప, పక్కకి ఒరిగి మొప్పలు ఆడిస్తోంది.

నీళ్లలో వేలు ముంచి నాలుకకి తగిలించి చూశాడు. వెంటనే ఉమ్మేశాడు. సముద్రపు నీళ్లు నయం.

ఈ లెక్కకి ఆయనకి కాగితం అక్కర్లేదు. తొట్టెలో పట్టేది రెండొందల లీటర్లు. నిన్న సాయంత్రం అందులో కలిపింది ఆరు కిలోల ఉప్పు. అంటే మూడు శాతం. ఉండాల్సింది సున్నా పాయింట్ మూడు. పదింతలు పడింది. ఆ పదింతలు ఎక్కడ పుట్టిందో కూడా అక్కడే, అప్పుడే తెలిసిపోయింది. మాస్టారు తన కుడిచేతి బొటనవేలు వైపు చూసుకుని, చెయ్యి జేబులో పెట్టేసుకున్నాడు.

చేపల ఒంటిమీద తెల్ల మచ్చలు వచ్చాయని ముందుగా చూసింది సైన్సు టీచరమ్మ. నీళ్లలో సున్నా పాయింట్ మూడు శాతం ఉప్పు ఉంటే తగ్గిపోతాయని కూడా ఆవిడే చెప్పింది. మాస్టారికి పండగైపోయింది. ఏళ్ల తరబడి ఏడో తరగతికి దశాంశాలూ శాతాలూ చెబుతున్నాడు. పుస్తకం దాటి వచ్చి ఎదురుగా నిలబడ్డ శాతం ఆయనకి ఎప్పుడోగాని దొరకలేదు. నిన్న ఆఖరి పీరియడులో బోర్డు మీద తొట్టె బొమ్మ గీసి, ఇవాళ లెక్క తప్పితే పోయేది మార్కులు కాదర్రా, చేపలు, అని తనే నవ్వుతూ అన్నాడు కూడా.

లేచి వచ్చింది నత్త.

ఆ పిల్లకి అసలు పేరుంది. హాజరు పిలిచినప్పుడు తప్ప ఎవరికీ గుర్తు రాదు. రాయడం నెమ్మది, చదవడం నెమ్మది, జడ వేసుకోవడం కూడా నెమ్మదేనని తోటి పిల్లల వెక్కిరింత. లెక్కల పీరియడులో ముందున్న పిల్ల వెనక నక్కి కూర్చునే నత్త, ఎవరూ పిలవకుండా బోర్డు దగ్గరికి రావడం అదే మొదటిసారి. రోజూ ఆయాతో కలిసి చేపలకి తిండి వేసేది తనే కాబట్టి, మందు లెక్క కూడా తనదే అనుకుంది కాబోలు.

శాతాన్ని దశాంశంగా మార్చాలంటే చుక్క రెండు స్థానాలు ఎడమకి జరగాలి. నత్త వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటూ చుక్కని జరిపి 0.003 అని రాసింది. సరిగ్గా అంతే రావాలి.

కానీ తడబడే పిల్లలు ఏటా ఒకే రకంగా తడబడతారు. 0.3లో చుక్కకి ముందున్న సున్నాని కూడా జరపడంలో కలిపేసుకుని ఒక గెంతు ఎక్కువ వేస్తారు. జవాబులో ఒక సున్నా ఎక్కువొస్తుంది. కొన్ని వందల నోటు పుస్తకాల్లో మాస్టారు ఆ సున్నాని కొట్టేశాడు. నిన్న వెనక బెంచీలో గొడవ సర్దిచెప్పి తిరిగేసరికి బోర్డు మీద చుక్క పక్కన రెండు సున్నాలు కనిపించాయి. సుద్ద పట్టుకున్న చెయ్యి నత్తది. ఆయన ఆలోచించలేదు. బొటనవేలితో ఒక సున్నా తుడిచేసి, ముందున్న సున్నాని లెక్కపెట్టకూడదని ఎన్నిసార్లు చెప్పాలమ్మా, అన్నాడు.

నత్త తలూపింది. మిగిలిన 0.03ని రెండొందలతో గుణించి ఆరు అని రాసి, పక్కన కిలోలు అని చేర్చి, కింద రెండు గీతలు గీసింది. క్లాసంతా చప్పట్లు. ఆయా కొట్టుకి వెళ్లి ఆరు ప్యాకెట్లు తెచ్చింది. ఆవిడ ఒక్కొక్కటే చించి పోస్తుంటే, చొక్కా చేతులు మడిచి కర్రతో కలిపింది మాస్టారే. చేపలు అప్పుడే మూలకి పారిపోయాయి. మందు ఘాటు కదా అనుకున్నాడు.

ఆయా చీపురుతో వచ్చి ఆగిపోయింది. చీపురు గోడకి చేరేసి తొట్టెకి మొహం ఆనించి చూసింది.

"నిన్న నా చేతిలోంచి తిన్నాయి కదా సారూ" అంది.

"బొజ్జాయి బతికే ఉంది. బకెట్లో మంచినీళ్లు పట్రా" అన్నాడు మాస్టారు. అసలు మాట గొంతు దాకా వచ్చింది. ఆయా అప్పటికే బకెట్ కోసం పరిగెత్తింది. పోనీలే, ఇప్పుడు కాకపోతే కాసేపాగి, అనుకున్నాడు.

ఆ కాసేపట్లో పిల్లలు వచ్చేశారు. ఏడ్చేవాళ్లు ఏడ్చారు, చూడ్డానికి ఎగబడేవాళ్లు ఎగబడ్డారు. నత్త అందరికంటే వెనక వచ్చింది. తొట్టె వైపు ఒక్కసారి చూసి, బకెట్ పక్కన చతికిలబడింది. చాలాసేపటికి తలెత్తి, మాస్టారికి మాత్రమే వినపడేలా అంది.

"మీరు దిద్దాక కూడా గుణకారం తప్పు చేసుంటాను సార్."

మాస్టారు ఆ పిల్ల పాపిట వైపు చూస్తూ నిలబడ్డాడు. వంకర పాపిట, తనే దువ్వుకున్నట్టుంది. క్లాసుకి వెళ్లమ్మా, అన్నాడు.

పెద్ద మేడమ్ వచ్చి ఎవరు చేశారీ లెక్క అని అడిగింది. నత్త అని యాభై గొంతులు ఒక్కసారే పలికాయి. మాస్టారు సున్నా తుడవడం ఒక్కరికీ గుర్తులేదు. ఆయన బొటనవేలితో బోర్డు తుడవడం పిల్లలకి పైన ఫ్యాను తిరగడం లాంటిది. దాన్ని ఎవరూ పనిగట్టుకుని చూడరు.

"మీరు చూశారా మాస్టారూ?" అంది పెద్ద మేడమ్.

"చూశాను" అన్నాడు.

అబద్ధం కాదు. తేలు కుట్టిన దొంగలా, ఆ ఒక్క మాటా పెదాల మధ్య నుంచి జార్చి నోరు మూసుకున్నాడు.

స్టాఫ్ రూములో ఆ రోజంతా ఇదే ముచ్చట. నేను వైద్యం చెబితే మీ పిల్లలు చేపల్ని ఊరేశారు కదండీ, అని సైన్సు టీచరమ్మ మేలమాడింది. డ్రిల్లు మాస్టారు ఆయన వైపు వాదించాడు. మన చుక్కల మాస్టారు బోర్డు మీద తప్పు రాయడం ఎవరైనా చూశారా, ఆ పిల్లే ఏదో గజిబిజి చేసుంటుంది, అన్నాడు. అందరూ తలలూపారు. వాళ్లు తిట్టినా మాస్టారికి ఇంత ఇరుకుగా ఉండేది కాదు.

చుక్కల మాస్టారు అన్న పేరు పాతది. దశాంశ బిందువు పెట్టేటప్పుడు సుద్దతో బోర్డు మీద టక్కున కొడతాడు, ఆ చప్పుడు పక్క క్లాసు దాకా వినిపిస్తుంది. ఒకప్పుడు పై తరగతులకి చెప్పాలని ఆశపడ్డాడు. పెద్ద మేడమ్ కంటే ముందున్న ఆవిడ ఎదుట మాదిరి పాఠం చెబుతూ ఒక సూత్రం దగ్గర తడబడి, చెమటలు కక్కి, ఏడో తరగతికి తిరిగొచ్చేశాడు. ఆ తర్వాత మళ్లీ అడగలేదు. ఏడో తరగతి లెక్కల్లో మాత్రం తనకి తిరుగులేదనిపించుకున్నాడు. ఉన్నది ఆ ఒక్క గొప్పే. దాన్ని ఇస్త్రీ చొక్కాలా నలగకుండా కాపాడుకుంటూ వచ్చాడు.

ఇంట్లోనూ అంతే. ఒకసారి వేరే బస్సెక్కి, చివరి స్టాపు దాకా వెళ్లి, నడుచుకుంటూ ఇల్లు చేరాడు. ఎందుకాలస్యమని భార్య అడిగితే ఒంటికి నడక మంచిదన్నాడు. ఆవిడ ఆయన చెప్పుల దుమ్ము చూసి నవ్వింది. పొరపాటైందని ఒక్కసారి అని చూడండి, ఇంటి కప్పేమీ కూలదు, అంది. ఆయన కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం గంట కొట్టాక చెబుదామనుకున్నాడు. కొట్టారు. క్యారియర్ మూత తీసి, పెట్టి, మళ్లీ తీశాడు. కిటికీలోంచి చూస్తే నత్త బకెట్ దగ్గరే కూర్చుంది. మోకాళ్ల మధ్య మొహం. ఆయా ఏదో చెబుతుంటే వింటున్నట్టు లేదు.

తినడం అయ్యాక పెద్ద మేడమ్ పిలిపించింది. ఆవిడ గదిలో నత్త అమ్మమ్మ ఉంది. లాండ్రీలో ఇస్త్రీ చేసే మనిషి, ముంజేతి మీద పాత కాలిన మచ్చలు. పనిలోంచి నేరుగా వచ్చినట్టుంది, ఒంటినుంచి వేడి బట్టల వాసన వస్తోంది. నత్త ఆవిడ కుర్చీ వెనక నిలబడింది.

విషయం చిన్నదే. పిల్లని సులువు సెక్షనుకి మార్చాలి. వరండా చివరి గదిలో, లెక్కలు బొత్తిగా ఎక్కని పిల్లలకి కూడికలూ తీసివేతలూ, తేలిక శాతాలూ చెప్పే సెక్షను. డ్రిల్లు మాస్టారు ఖాళీ ఉన్నప్పుడు చూసుకుంటాడు. దారి ఒకవైపే. అటు వెళ్లిన పిల్లలు మళ్లీ ఇటు రావడం ఎవరూ చూడలేదు. పై తరగతుల్లో లెక్కలూ సైన్సూ వాళ్లకి ఉండవు.

"నేను అడగలేదు బాబూ, ఇదే అడుగుతోంది" అంది అమ్మమ్మ. "నిన్న ఇంటికొచ్చి, నా లెక్కతోనే చేపలకి మందేశారని మంచమెక్కి గెంతింది. వీధంతా చెప్పొచ్చింది. ఇవాళేమో నాకు లెక్కలొద్దు, నా చేతికేదో ఉంది అంటోంది. రాకపోతే రాలేదు, మాకేం బెంగ లేదు. మా ఇంట్లో ఎవరికొచ్చి చచ్చింది కనక. కానీ చెప్పే పంతులు మీరు. మీరేమంటే అది."

పెద్ద మేడమ్ ఆయన వైపు చూసింది. అమ్మమ్మ చూసింది. నత్త మాత్రం నేల చూసింది. ఇంతకంటే మంచి అదను దొరకదు. తలుపు వేసి ఉంది. నలుగురే ఉన్నారు. ఒక్క మాటతో అయిపోయేది.

"పిల్ల ఇష్టం" అన్నాడు మాస్టారు.

నత్త క్లాసుకి వచ్చి బ్యాగు సర్దుకుంది. అన్ని పనుల్లాగే ఇదీ నెమ్మదిగానే. నోటు పుస్తకాలు పెట్టింది, కొలబద్ద పెట్టింది, జిప్పు పట్టేస్తే కిందికి లాగి మళ్లీ పైకి లాగింది. మాస్టారు కుర్చీలో కూర్చుని, ఎదురుగా ఉన్న పుస్తకంలో ఒకే పేజీ చూస్తున్నాడు. వెళ్లొస్తాను సార్, అంది. ఆయన తలూపాడు. ఆ పిల్ల వెళ్లిపోయాక పక్కన కూర్చునే పిల్ల జరిగి ఆ చోటు కూడా ఆక్రమించుకుంది. బెంచీ కింది అరలో ప్లాస్టిక్ చెంచా ఒకటి మిగిలింది, చేపల తిండి పొడి అంటుకుని.

ఆఖరి పీరియడు ఆయనకి ఖాళీ. నోటు పుస్తకాలు ముందేసుకుని ఒక్కటీ తెరవలేక, లేచి వరండాలోకి వచ్చాడు. తొట్టె ఖాళీ చేసేశారు. గాజు లోపలి వైపు ఉప్పు తెల్లగా చారలు కట్టింది. పక్కనే బకెట్ బోర్లించి ఉంది. ఆయా మెట్ల మీద కూర్చుని కొంగుతో చేతులు తుడుచుకుంటోంది. బొజ్జాయి సంగతి అడగక్కర్లేకపోయింది.

కాళ్లు చివరి గది వైపు తీసుకెళ్లాయి. తలుపు తెరిచే ఉంది. డ్రిల్లు మాస్టారు నలభై అయిదులో పది శాతం ఎంతో పలకల మీద రాసి చూపించమన్నాడు. సరిగ్గా రాసిన వాళ్లు గ్రౌండుకి, తప్పు రాసిన వాళ్లు గోడకుర్చీకి, అని బెదిరిస్తున్నాడు. పిల్లలు కిలకిలలాడుతున్నారు. నత్త గుమ్మం పక్క బెంచీలో, ఆయనకి వీపు చేసి కూర్చుంది. పలక మీద 4.5 అని రాసింది. చుక్క గుండ్రంగా, ఉండాల్సిన చోట ఉంది.

పైకెత్తబోయి ఆగింది. పక్క పిల్ల పలకలోకి చూసింది. అక్కడ 450 అని ఉంది. నత్త ఒక క్షణం రెండు పలకల్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత తనది మోచేత్తో తుడిచేసి, 450 అని రాసి, రెండు చేతులతో పైకెత్తింది.

మాస్టారు గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. ఏంటి మాస్టారూ, ఏమన్నా కావాలా, అన్నాడు డ్రిల్లు మాస్టారు. ఈ పిల్లతో ఒక మాట, మీరంతా ఉండండి, వినండి, అన్నాడాయన. నత్త కంగారుగా లేచి నిలబడి పలకని గుండెకి హత్తుకుంది. ఆయన పక్క బెంచీ అంచు పట్టుకున్నాడు.

"నిన్న నువ్వు బోర్డు మీద రాసింది సరిగ్గానే ఉందమ్మా. రెండు సున్నాలూ ఉండాల్సినవే. అలా వదిలేసి ఉంటే ఆరొందల గ్రాముల ఉప్పు వచ్చేది, సరిపోయేది. ఒకటి నేను తుడిచేశాను. తర్వాత నువ్వు చేసిన గుణకారంలో కూడా తప్పు లేదు. ఫస్టొచ్చే పిల్లలెవరైనా రాసుంటే ఇంకోసారి చూసేవాణ్ణి. నువ్వు రాశావు కాబట్టి తప్పే అయ్యుంటుందనుకున్నాను. చేపలు చచ్చిపోయింది నా వల్ల. పొద్దున తొట్టె దగ్గరే తెలుసు నాకు. నువ్వొచ్చి నీదే తప్పన్నప్పుడూ తెలుసు. మీ అమ్మమ్మ అడిగినప్పుడూ తెలుసు. నువ్వు బ్యాగు సర్దుకుంటుంటే అన్నీ తెలిసే చూస్తూ కూర్చున్నాను."