లావెండర్ విత్తనాలూ, డ్రైవరు గారి ఓపికా

ముప్పై రెండేళ్ళు బస్సు నడిపిన మనిషికి ఓపిక లేదంటే ఎవరూ నమ్మరు. కానీ డ్రైవరు గారి ఓపికంతా స్టీరింగు దగ్గరే ఖర్చయిపోయింది. రిటైరై ఇంటికొచ్చేసరికి చిటికెడు కూడా మిగల్లేదు. అలాంటి మనిషి చేతిలో వాళ్ళక్క లావెండర్ విత్తనాల పొట్లం పెట్టి వెళ్ళింది.

అక్కంటే మామూలు అక్క కాదు. హెడ్‌మిస్ట్రెస్ ఉద్యోగం వదిలినా బెత్తం వదలని అక్క.

డ్రైవరు గారి గుండెలో కవాటం పాడైందనీ, ఆపరేషన్ తప్పదనీ డాక్టరు చెప్పి ఆర్నెల్లయింది. ఒకసారి జలుబని, ఒకసారి వానని ఆయన రెండు తేదీలూ ఎగ్గొట్టాడు. "ఈ వయసులో కోయించుకుని ఏం ఊడబొడవాలి?" అన్నది ఆయన వాదన. అక్క ఎదురు చెప్పలేదు. అప్పుడే అనుమానించాల్సింది.

విత్తనాల్ని తడిగుడ్డలో చుట్టి మూడు వారాలు ఫ్రిజ్‌లో పెట్టమంది. "వీటికేమైనా జ్వరమా?" అని గొణుగుతూ పెట్టాడు. తర్వాత ట్రేలో ఇసుక కలిపిన మట్టి పోసి, దాని మీద చల్లమంది. పైన మట్టి కప్పకూడదట, వెలుతురు తగలాలట. ఆవగింజంతైనా లేని గింజల్ని కళ్ళజోడు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి ఒక్కొక్కటే పేర్చాడు. ఆఖరి గింజ దగ్గర తుమ్మొచ్చింది. సగం ట్రే ఖాళీ అయింది.

మిగిలిన సగానికి మగ్గుతో నీళ్ళు పోశాడు. బస్సులు కడిగిన చెయ్యి మరి! గింజలన్నీ ఓ మూలకి కొట్టుకుపోయాయి. వాటిని పుల్లతో ఏరి మళ్ళీ పేర్చేసరికి నడుం పట్టేసింది.

"మగ్గుతోనా? స్ప్రే చెయ్యమని చెప్పానా లేదా?" అంది అక్క ఫోన్‌లో.

"నీ విత్తనాలకి పన్నీరు చల్లమంటావా?"

"చల్లు. పోయేదేముంది?"

పది రోజులు, పదిహేను, ఇరవై. బస్సు టైముకి రాకపోతే కంట్రోలర్‌ని తిట్టొచ్చు, విత్తనం రాకపోతే ఎవర్ని తిట్టాలి? అక్కనే తిట్టాడు. ఇరవై మూడో రోజున పదకొండు మొలకలు కనిపించాయి. గంటసేపు కుర్చీ వేసుకుని వాటి ముందే కూర్చున్నాడు. ఫోన్‌లో మాత్రం "ఏవో వచ్చాయిలే" అన్నాడు.

తడి ఎక్కువై నాలుగు మొలకలు మొదలు కుళ్ళి పడిపోయాయి. ఆ నాలుగింటి కోసం బాధపడ్డాడు. గడ్డిపోచల కోసం బాధపడుతున్నందుకు తన మీద తనకే చిరాకేసింది.

మిగిలిన ఏడూ కుండీల్లోకి మారాయి. నాలుగు నెలలకి జానెడెత్తయ్యాయి. ఆకు నలిపితే గదంతా వాసనే. పువ్వు జాడ మాత్రం లేదు.

"అక్కా, పూలేవీ?"

"ఈ ఏడు పూయవురా. పైయేడు పూస్తాయి."

"పైయేడా! ఈ మాట ముందే ఏడవొచ్చుగా? నలభై రోజుల్లో పూసే మొక్కలు లోకంలో లేవా?"

"బోలెడున్నాయి."

"మరి దీన్నే నాకెందుకు అంటగట్టావు?"

బడినంతా గడగడలాడించిన గొంతు సన్నబడిపోయింది.

"పైయేడు దాకా నువ్వుంటావని."

డ్రైవరు గారికి ఒళ్ళు మండిపోయింది. అరవై అయిదేళ్ళవాణ్ణి, బెల్లంముక్క చూపించి బడికి లాక్కెళ్ళే పిల్లాడిలా కట్టేస్తావా అని అరవబోయాడు. ఫోన్ పెట్టేశాడు. రోజంతా కుండీల వైపు చూడకూడదనుకున్నాడు. సాయంత్రానికి మట్టి ఎండిపోతే, అక్కని తిట్టుకుంటూనే తడిపాడు. ఆవిడ ఒక్కతే తన కోసం ఇంత కుట్ర పన్నిందన్న సంగతి ఆ రాత్రి ఆయన్ని సరిగ్గా నిద్రపోనివ్వలేదు.

మర్నాడు ఆయనే ఫోన్ చేశాడు.

"గురువారం ఆస్పత్రిలో చేరమన్నారు. నువ్వు బుధవారానికల్లా వచ్చెయ్."

అవతలినుంచి ముక్కు చీదిన చప్పుడు వినపడింది.

"ఆ ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని, ముందు చెప్పేది విను. మట్టిలో వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటేనే నీళ్ళు పొయ్యాలి. హెడ్‌మిస్ట్రెస్‌నని నీ ఇష్టమొచ్చినట్టు ముంచెయ్యకు. నేను తిరిగొచ్చేసరికి ఏడుకి ఏడూ ఉండాలి. లెక్కపెట్టుకునే వెళ్తున్నా."