మాఫీ ఎవరినడగాలి

"నేను నిన్ను మాఫ్ జేసిన," అన్నాడు దత్తాత్రి, రొట్టె తుంచుకుంటూ.

ద్రౌపది పెనం మీద ఇంకో జొన్నరొట్టె తిప్పబోతోంది. చెయ్యి అట్లాగే ఆగింది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి మొగుడి నోట ఆమె వినని తిట్టు లేదు. ఈ మాట మాత్రం కొత్తది. రొట్టె అంచు మాడిన వాసన వచ్చాక గానీ తేరుకోలేదు.

"దేనికి?" అని అడిగింది.

"ఇంక దేనికి. గీ కన్నుకు." ఎడమ కన్ను ఉండాల్సిన చోట లోపలికి పోయిన రెప్పను వేలితో తాకి చూపించాడు. "ప్రభువు నన్ను మాఫ్ జేసిండు, నేను నిన్ను జేసిన. ఆదివారం కూటంల అందరి ముందట సాక్ష్యం చెప్త. నువ్వు రా, పోరిని గూడ తోల్కరా. కూర ఇంకింత ఎయ్యి."

ఆమె కూర వేసింది. మాఫ్ చేసినవాడికి కూడా కూర వెయ్యాల్సిందే గదా అనుకుంది.

అది తొంభై ఒకటో సంవత్సరం. సోలాపూర్‌లో అశోక్ చౌక్ వెనక, పద్మశాలీల గల్లీలో, పవర్‌లూమ్ షెడ్డు గోడను ఆనుకున్న ఒంటిగది ఇల్లు వాళ్లది. మగ్గాల చప్పుడుకు గూట్లో గిన్నెలు పగలంతా వణుకుతుండేవి. ద్రౌపది తెల్లారకముందే లేచి నీళ్లు పట్టి, రొట్టెలు కాల్చి, దత్తాత్రిని పనికి పంపి, ఒళ్లో చాట పెట్టుకొని చీకటి పడేదాకా బీడీలు చుట్టేది. తునికాకు కత్తిరించడం, తంబాకు నింపడం, చుట్టడం, దారం కట్టడం. దాన్ని పని అని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. "ఇంట్ల కూసునే ఉంటవు గద," అనేవాడు దత్తాత్రి. పని అంటే అతడిది, అలుపు అంటే అతడిది. అలుపు తీరడానికి తాగేవాడు, తాగి వచ్చి కొట్టేవాడు. షెడ్డులో తెగిపోయిన మగ్గం పట్టా ఒకటి తెచ్చి తలుపు వెనక మేకుకు తగిలించాడు. మందపాటి తోలు. అది పడ్డ చోట మొదట ఏమీ తెలియదు, తర్వాత నిప్పు లేస్తుంది. ఒకసారి అది నిండుతున్న కడుపు మీద పడింది. ఆ కడుపు నిలవలేదు. రక్తం ఆగకముందే అత్త పోచమ్మ చాట తెచ్చి ఆమె ముందుకు జరిపింది. "మగ్గం మోగుతది, మొగోడు కొడ్తడు. రెండూ ఆగితె పొయ్యి ఆగుతది," అన్నది. అత్త పోయి ఏండ్లయినా ఆ మాట మాత్రం ఇంట్లోంచి పోలేదు.

కన్ను పోయింది అంతకు కొన్ని నెలల ముందు, ఒక మధ్యాహ్నం. ఆ రోజు కరెంటు లేదు, షెడ్లు బందు. కూతురు భాగ్యలక్ష్మికి అప్పుడు పదకొండేళ్లు. "బడి సాలు. రేపటి సంది అవ్వ పక్కన కూసోని బీడీలు సుట్టు," అన్నాడు తండ్రి. "నేను సుట్టను, బడికి పోత," అన్నది పిల్ల. అంతే. జడ పట్టి ఈడ్చుకుపోయి, తునికాకు నానబెట్టిన గంగాళంలో దాని తల ముంచాడు. మెడ వెనక అరచెయ్యి పెట్టి నొక్కిపట్టాడు. ద్రౌపది అరిచింది. భుజం పట్టి లాగింది. అతడు మోచేత్తో పొడిస్తే పెదవి పగిలి నోట్లోకి రక్తం వచ్చింది. పిల్ల కాళ్లు నేలను తన్నుతున్నాయి. "మల్ల జవాబిస్తవా? ఇస్తవా?" అని అడుగుతున్నాడు, నీళ్లలో ఉన్న పిల్లను. కాసేపటికి కాళ్లు తన్నడం ఆగింది. అప్పుడు చూసుకుంది ద్రౌపది, ఆకు కత్తిరించే కత్తెర ఇంకా తన చేతిలోనే ఉందని. అతడు ఇటు తిరిగాడు. ఉన్న బలమంతా పెట్టి ఆ కత్తెరను అతడి ముఖంలోకి దింపింది.

పిల్ల నీళ్లు కక్కి, ఆకు ముక్కలు కక్కి, బతికింది.

ఆడదాని చేతిలో కన్ను పోయిందని చెప్పుకోలేక, మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడె ఎగిరొచ్చి తగిలిందన్నాడు దత్తాత్రి. కరెంటు లేని రోజు నాడె ఎట్లా ఎగిరిందని గల్లీలో ఎవరూ అడగలేదు. ఆస్పత్రి మంచం దగ్గరికి పాస్టర్ రాజారాం వచ్చి ప్రార్థన చేశాడు. ఆయనా ఒకప్పుడు చద్దర్లు నేసినవాడే, మెత్తని మనిషి. దత్తాత్రి ఇంటికి వచ్చేసరికి విశ్వాసి అయ్యాడు. మారాడు కూడా, అది అబద్ధం కాదు. తాగుడు మానాడు. మేకుకున్న పట్టాను తనే తీసి మురుగు మోరీలో పడేశాడు. ఒంటి కన్నుతో మగ్గం నడపలేనని పని కూడా మానేసి కూటాల వెంట తిరిగేవాడు. ఇల్లు మొత్తం ఆమె బీడీల మీద పడింది. అయినా దెబ్బలు లేని సాయంత్రాలు చూసి ఆమె సంతోషపడింది. తనూ కూటానికి పోయింది. అక్కడ ఆమెను పట్టుకున్నది పరలోకం మాటలు కాదు. దేవుడికి కొరడా దెబ్బలు పడ్డాయని చెప్పారు. ఆమెకు తెలిసిన దేవుళ్లందరూ ఆయుధాలు పట్టినవాళ్లు. వీపు చిట్లిన దేవుడి గురించి ఆమె ఎప్పుడూ వినలేదు. ఈయనకు చెప్పకుండానే తెలుస్తుంది అనుకుంది. బీడీలు చుడుతూ లోపల్లోపల ఆయనతో మాట్లాడటం అలవాటైంది. నమ్మడమంటే అదే అయితే, ఆమె నమ్మింది.

భాగ్య మాత్రం ఆ మధ్యాహ్నం తర్వాత నెత్తి మీద నీళ్లు పోయనివ్వలేదు. తల శుభ్రం చెయ్యాలంటే తడిగుడ్డతో తుడవాల్సిందే.

ఆదివారం కూటం గుడారంలో దత్తాత్రి లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు. "నేను ఘోరమైన పాపిని," అన్నాడు. తన గురించి ఆ ఒక్క ముక్కే. మిగిలిందంతా ద్రౌపది గురించి. నాడె తగలలేదని, కట్టుకున్న పెళ్లామే కత్తెరతో పొడిచిందని, రక్తం ఎట్లా కారిందో, రాత్రుళ్లు ఎట్లా పోటు పెట్టిందో అన్నీ చెప్పి, "ప్రభువు ప్రేమతోని దాన్ని మాఫ్ జేసిన," అన్నాడు. జనం కళ్లు తుడుచుకున్నారు. ఆడవాళ్లు వెనక్కి తిరిగి ద్రౌపదిని చూశారు. ఆమె తల వంచుకుంది. అతడి పాపాలన్నీ ఒక్క మాటలో మూటకట్టుకొని పోయాయి. ఆమె పాపానికి మాత్రం మొన ఉంది, రక్తం ఉంది. ఆ గుడారంలో ఇప్పుడు ఆమె ఒక్కతే పాపి.

మర్నాడు పాస్టర్ ఇంటికి వచ్చాడు. వచ్చే ఆదివారం కుంభారి దారిలో ఒక రైతు చేనుకు నీళ్లు నిలిపే హౌదులో బాప్తిస్మాలు ఉన్నాయని, కన్ను సంగతి ఆమె ప్రభువు ముందు ఒప్పుకొని పశ్చాత్తాపపడితే తల్లీకూతుళ్లకు ఇద్దరికీ ఇస్తానని అన్నాడు.

"అయ్యగారు, ఒక మాట అడగాలె," అన్నది ద్రౌపది. "రక్షణ దేనితోని వస్తది? నమ్మితెనా, పశ్చాత్తాపపడితెనా, మంచిగ బతికితెనా?"

"నమ్మితెనే, బాయీ. మన మంచితనం మనల్ని ఒడ్డుకు చేర్చది. కాని నిజంగ నమ్మినోడు పశ్చాత్తాపపడకుండ ఉండలేడు."

"నేను నమ్మిన. కాని ఆ కత్తెరకు నాకు పశ్చాత్తాపం వస్తలేదు. ఎంత దేవులాడిన దొరుకుతలేదు. మల్ల ఆ పగలు వస్తె మల్ల పొడుస్త. లేనిదాన్ని ఉన్నదని దేవునికి ఎట్ల చెప్పాలె?"

పాస్టర్ దత్తాత్రి వైపు చూశాడు. "సూడుండ్రి, గింత రాయి గుండె," అన్నాడు దత్తాత్రి.

"ఈయన ఏం జేసిండని పశ్చాత్తాపపడ్డడు, మీకు చెప్పిండా?"

"పాపినని దేవుని ముందట బోరున ఏడ్చిండు. నేను చూసిన."

"ఈయన ముంచింది దేవుని తల కాదు గద, అయ్యగారు."

"ఎవరి తల?" అన్నాడు పాస్టర్. దత్తాత్రి మధ్యలో అందుకున్నాడు. పాత సంగతులన్నీ ప్రభువు రక్తంలో కొట్టుకుపోయాయని, మళ్లీ తవ్వడం సైతాను పని అని చెప్పి ఆయన్ను గల్లీ చివరిదాకా సాగనంపాడు. తిరిగి వచ్చి తలుపు వేశాడు. ద్రౌపది కొప్పు పట్టి కిందికి గుంజాడు. "మోకరించు. నా సాక్ష్యం కరాబు జేస్తవా?" నుదురు బండకు తగిలి కనుబొమ మీద చర్మం చిట్లింది. మెడ వెనక పడ్డ ఆ అరచెయ్యిని ఆమె గుర్తుపట్టింది. తాగినప్పుడు ఎట్లా నొక్కేదో, ప్రార్థన నేర్చాక కూడా అట్లాగే నొక్కుతోంది.

"నువ్వు మునగకుంటె మునగకు," అన్నాడు చివరికి. "పోరి మునుగుతది."

ఆదివారం ఆమె నల్లా దగ్గర వరసలో ఉండగా అతడు భాగ్యను ఆటోలో ఎక్కించుకొని పోయాడు. పక్కింటామె చెప్తే బిందె అక్కడే వదిలేసి బస్సు పట్టుకుంది. చేను గట్టు మీద నడుస్తుంటేనే పాట వినిపించింది, ఆ పాట మధ్య నుంచి భాగ్య అరుపులు వినిపించాయి. పిల్లలు భయపడతారులే అని జనం ఇంకా గట్టిగా పాడుతున్నారు. హౌదులో ఛాతీ లోతు నీళ్లలో పాస్టర్, ఆయన పక్కన దత్తాత్రి. అతడి అరచెయ్యి పిల్ల మెడ వెనక ఉంది.

ద్రౌపది చీరతోనే హౌదులోకి దిగింది. "దాని మీద చెయ్యి తియ్యి," అన్నది. గొంతు పెద్దగా లేదు, కానీ పాట ఆగింది. "మొన్న ఈయన నా కత్తెర గురించి చెప్పిండు. అది నిజమే. ఎందుకు పొడిసిన్నో చెప్పలేదు. ఈ పిల్ల తలను గంగాళంల ముంచిండు. కాళ్లు తన్నుడు ఆగెదాక ముంచిండు. అయ్యగారు, ఈయన దేవున్ని ఎన్నిమార్లన్న మాఫీ అడగని. దీన్ని ఒక్కపారి గూడ అడగలేదు."

పాస్టర్ పిల్లను రెండు చేతుల మీద ఎత్తి గట్టు మీద కూర్చోబెట్టాడు. "దత్తాత్రీ, నిజమేనా?"

"దేవుడే మాఫ్ జేసిండు. అడగనీకి ఇది ఎవతె?" అంటూనే దత్తాత్రి ఆమె చెంప మీద కొట్టాడు. ఆమె తూలింది. రెండు చేతులతో భుజాలు పట్టి నీళ్ల కిందికి నొక్కాడు. ముక్కులోకి, నోట్లోకి నీళ్లు పోయాయి. కళ్ల ముందు పచ్చటి చీకటి. నా బిడ్డ చూసింది ఇదే కదా అని ఆ చీకట్లో ఆమెకు తోచింది. పాస్టరూ ఇంకో ఇద్దరూ కలిసి అతణ్ణి వెనక్కి గుంజితే గానీ ఆమె పైకి రాలేదు.

"మునిగింది గద, బాప్తిస్మం అయినట్టేనా?" అని గట్టు మీద ఒక ముసలామె అడిగింది.

"ఇయ్యాల ఎవ్వరికీ బాప్తిస్మం లేదు," అన్నాడు పాస్టర్. "దత్తాత్రీ, ముందుగాల పోయి ఆ పిల్లను అడుగు." దత్తాత్రి పిల్ల వైపు చూశాడు. మళ్లీ జనం వైపు చూశాడు. తడి బట్టలతోనే హౌదులోంచి ఎక్కి చేను దాటి వెళ్లిపోయాడు.

ద్రౌపది ఆ గల్లీకి తిరిగి పోలేదు. హైదరాబాద్ రోడ్డు వైపు బీడీ కార్మికుల కాలనీలో అక్క లలిత ఉంటుంది. అక్కడికి పోయింది. లలిత పొడి చీర ఇచ్చి చాయ్ పెట్టడానికి లేచింది. తల్లీకూతుళ్లు గడపలో కూర్చున్నారు. ద్రౌపది మనసులో, వీపు చిట్లిన ఆ దేవుడితో, కత్తెర పోటు ఒక్కదానికి తప్ప మిగతా అన్నింటికీ మాఫీ అడుగుతున్నానని చెప్పుకుంది. మిగతావి ఏవి అని వెతికితే ఒకటే పెద్దది దొరికింది. అది దేవుడికి చేసింది కాదు.

"భాగ్యా, నన్ను మాఫ్ జేస్తవానే?"

పిల్ల ఆశ్చర్యంగా చూసింది. "నువ్వేం జేసినవ్?"

"ఆయన నిన్ను కొట్టినప్పుడల్ల, నాయిన గద, ఓర్సుకో అన్న. నువ్వు పలక పట్టనప్పటి సంది అన్న. ఆనాడు గూడ నీ కాళ్లు ఆగెదాక ఆగిన."

గోడ మీద ఎండ కిందికి దిగింది.

"నాయిన వచ్చి ఏడిస్తె మల్ల పోతమా?"

"పోము."

"పాస్టర్ సాబ్ చెప్తె?"

"పోము."

పిల్ల తల్లి కనుబొమ మీది గాయాన్ని చూసింది, తల్లి ముఖాన్ని చూసింది.

"ముందుగాల పోకుండ ఉండు, అవ్వ," అన్నది. "తర్వాత చెప్త."