పదకొండో బంతి

లయొనెల్ పాస్కో పికప్ బండి దిగి, ముందు మోకాళ్లు రుద్దుకుని, తర్వాత సంచీ తీశాడు. అందులో పద్దెనిమిది పాత గోల్ఫ్ బంతులు, ఒక్కొక్కదాని మీదా నీలిసిరాతో ఒక అంకె. గోల్ఫ్ మైదానంలో ఏనాడూ అడుగుపెట్టని మనిషి, పాపం, ఇరవై రెండేళ్లుగా మిటియామో ఊరి చుట్టుపక్కల బీళ్లలో బంతులు విసురుతూనే ఉన్నాడు. గడ్డి కొలిచే పద్ధతి అదే మరి! మీటరు చట్రం నేలమీద పెట్టి, అందులో బంతులన్నీ వదిలి, నిలబడి చూస్తే కనీసం పది కనిపించాలి. అంతకు తగ్గితే గడ్డి దట్టమైనట్టు. దట్టమైన గడ్డిలో ప్లెయిన్స్ వాండరర్ పిట్ట నిలవదు. అంతరించిపోతున్న ఆ గుప్పెడు పిట్ట కోసమే ఈ బీళ్లు దున్నకుండా, గడ్డి ముదరనివ్వకుండా ఉంచే రైతులకు ప్రభుత్వం ఏటా డబ్బిస్తోంది; దానికి లయొనెల్ కొలిచి రాసిందే లెక్క.

చనిపోయిన భర్త టోపీ పెట్టుకుని, డెబ్బై ఎనిమిదేళ్ల ఈనిడ్ క్రాడక్ తన బీడు గేటు దగ్గరే నిలబడి ఉంది.

"వచ్చాడమ్మా గోల్ఫ్ వీరుడు! ఈసారైనా ఒక్కటి గుంతలో వేస్తావా?"

"నీ దారిలో గుంతలకేం తక్కువ? వస్తూ వస్తూ మూడింట్లో పడింది బండి."

నవ్వుతూనే గేటు చూశాడు. గేటుకి తీగ గట్టిగా చుట్టి ఉంది. లోపల గడ్డి మోకాలి దాకా లేచింది.

"గొర్రెల్ని తోలలేదా?"

"ఎలా తోలతాను? పోయినేడు పిట్ట పిల్లల్ని చూశాక మనసొప్పలేదు. గుడ్లు పొదిగేది మగపిట్టేనటగా! పనిచేసే మొగుణ్ణి గొర్రెలతో తొక్కిస్తానా?"

మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే. మొదటి చోట నాలుగు బంతులు కనిపించాయి. రెండోచోట మూడు. మూడోచోట అయిదు.

ఈనిడ్ అతని ముఖం చూసింది. "డబ్బు ఆపేస్తారా? ఆపితే పక్కవాడికి అమ్ముకోవాలి. వాడు మర్నాడే దున్నేస్తాడు. మా ఆయన క్లారీ ఈ నేల మీద ఒక్కసారి కూడా నాగలి పెట్టనివ్వలేదు, లయొనెల్."

అతను పెన్సిలు తీశాడు. మూడుచోట్లా పది అని రాస్తే అడిగే నాథుడు లేడు. ఉద్యోగంలో ఎప్పుడూ అంకె మార్చలేదు, ఈవేళ మార్చాలని మాత్రం బలంగా అనిపించింది. మార్చలేదు. నాలుగు, మూడు, అయిదు అనే రాసి, కింద ఇలా రాశాడు: "ఇది నిర్లక్ష్యం కాదు, అతి శ్రద్ధ. గొర్రెల్ని మేపి, మూడు వారాలకు మళ్లీ చూడాలి."

గేటుకి చుట్టిన తీగ తనే విప్పాడు. ఇద్దరూ కేకలేసుకుంటూ గొర్రెల్ని లోపలికి తోలారు. అయ్యాక లయొనెల్ బండికి ఆనుకుని, గుండెమీద చెయ్యి పెట్టుకుని, తిన్న రొట్టె అడ్డం పడిందన్నాడు. బంతులు ఏరితే పదిహేడే దొరికాయి. పదకొండో నంబరుది లేదు. మోకాళ్లమీద వంగి ఎంత వెతికినా కనిపించలేదు.

"పోనీలే, గొర్రెలు వెతికిపెడతాయి. మూడు వారాలకు మళ్లీ గురువారమే వస్తా. కేకు చేసి ఉంచు. పోయినసారిలా మాడ్చకు."

"ఉచితంగా తినేవాడికి వంకలొకటి!"

ఆ గురువారం ఆఫీసు బండిలోంచి టామ్సిన్ అనే అమ్మాయి దిగింది.

"లయొనెల్ ఏడమ్మా?"

"మీకు చెప్పలేదా అండీ... ఆదివారం టమాటా మొక్కలకి నీళ్లు పోస్తూ పడిపోయారు. గుండెపోటు. ఆయన కాగితాల్లో అన్నిటికన్నా పైన మీ బీడు కాగితమే ఉంది."

ఈనిడ్ చేతిలో కేకు ఉంది. ఈసారి మాడలేదు.

టామ్సిన్ చట్రం పెట్టి తన బంతులు వదిలింది. పదకొండు, పన్నెండు, పది.

"సరిపోయిందండీ. డబ్బు ఆగదు."

అప్పుడు ఏడ్చింది ఈనిడ్, టోపీ తీసి ముఖానికి అడ్డం పెట్టుకుని. బంతులు ఏరుతున్న టామ్సిన్ ఆగిపోయింది. "నావి పద్దెనిమిదీ ఉన్నాయే! మరి అక్కడున్నది ఎవరిదండీ?"

ఈనిడ్ వెళ్లి చూసింది గానీ, తీయలేదు. గొర్రెలు మేసిన పొట్టి గడ్డిలో, నీలిసిరా వెలిసిన పదకొండో బంతి గేటు దగ్గరనుంచి చూసినా కనిపిస్తూ అక్కడే ఉండిపోయింది.